తిరుపతిలో ఎర్రతల బాతు కోసం

మా తాతను ఊళ్లో అందరూ కోతలరాయుడు అంటారు. కుర్రతనంలో పులికాట్ సరస్సులో వల వేస్తుంటే తల, మెడ గులాబీ రంగులో ఉన్న బాతు కనబడిందని, వల పడేలోపు లేచిపోయిందని ఆయన మాట. నేనూ నమ్మలేదు. పదో తరగతి తప్పి సూళ్లూరుపేట దగ్గర ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో చేరాక, పాతకాగితాల కొట్లో దొరికిన పత్రికలో ఒక వ్యాసం చదివాను. అమెరికాలో తొలినాటి మ్యూజియం ఒకదానిలో చర్మం లోపల దూది కూరి నిలబెట్టిన బాతు ఉండేదట, ఆ జాతే తర్వాత లోకంలో లేకుండా పోయిందట. మన దేశంలో అలా మాయమైంది గులాబీతల బాతు అని చివర్లో ఉంది. టీకొట్టు దగ్గర చదివి వినిపిస్తే, "పుస్తకంలో ఉంటే మీ తాత సూసినట్టేనా అబ్బా?" అని నవ్వారు. ఒళ్లు మండిపోయింది.

అప్పుడే నాతో పనిచేసే కోదండం, తిరుపతిలో వాళ్ల చెల్లెలు చదివే కాలేజీలో ఎర్రతల బాతు ఉందని చెప్పాడు. ఆ అమ్మాయి రికార్డు పుస్తకంలో బొమ్మ కూడా వేసిందట. అది మన చెరువుల్లో పట్టిందే అయితే తాత మాట నిలబడుతుంది. కరెంటు కోత వల్ల మా ఫ్యాక్టరీకి శుక్రవారం సెలవు. తెల్లవారి బస్సెక్కి నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా పది దాటాక తిరుపతిలో దిగాను. ఇది రెండువేల మూడు నాటి మాట, ఛార్జీ నలభై లోపే. బస్టాండు బయట ఇడ్లీ తిని, ఆటోవాడు యాభై అడిగితే తిట్టుకుంటూ నడిచాను.

కాలేజీలో మ్యూజియం అంటే జంతుశాస్త్రం వాళ్ల గది ఒకటి. తాళం తీసింది అటెండరు మునెమ్మ.

"బాతును సూసేదానికి అంత దూరం నుంచి వచ్చినావా? పనీపాటా లేదా నాయనా?"

అద్దాల బీరువాలో ఉంది బాతు. తల నిజంగానే ఎర్రగా ఉంది. వంగి మెడ వైపు చూశాను. అక్కడ ఉత్త గోధుమరంగు ఈకలు. చలికాలంలో మా సరస్సుకు మందలుగా వచ్చే సూదితోక బాతు.

"పైన మాత్రం ఎందుకు ఎరుపు?"

"కుంకుమప్పా! ఆయుధపూజకి మైక్రోస్కోపుకి, ఎముకల బొమ్మకి, అన్నిటికీ పెడతాం గదా. దీనికి ఒక్కదానికి పెట్టకుండా ఎట్లుండేది? నాకంటే ముందరున్నాయన గూడా పెట్టినాడు. పిల్లోళ్లు ఎర్ర పెన్సిలుతో బొమ్మేస్తా ఉంటే నేనేం జేసేది?"

కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఆమె మీద మాత్రం కాదు. తిరుగు బస్సులో కాళహస్తి దాకా నిలబడే వచ్చాను.

సాయంత్రం తాత బస్సు దిగే చోటే కాచుకుని ఉన్నాడు. ఎదురుగా టీకొట్టు నిండా మనుషులు. కుంకుమ సంగతి ఆయన చెవిలో చెప్పి, "ఎర్రతల బాతును సూసినానని చెప్పేస్తా తాతా, ఎవడు పోయి సూసేది?" అన్నాను.

"నా బాతుకి మెడ గూడా గులాబీనే. అది ఇది గాదు. అట్లనే చెప్పు."

అట్లాగే చెప్పాను. బాగా నవ్వారు. తాత టీ తాగి, గ్లాసు బోర్లించి, నాతో ఇంటికి నడిచాడు.

చచ్చి గాజుపెట్టెలో ఉన్న బాతును లోకమంతా నమ్ముతుంది. మా తాత దగ్గర అదీ లేదు. కానీ కోతలు కోసేవాడైతే, చేతిలోకి వచ్చిన కుంకుమ బాతును వదులుకునేవాడా? ఆ రోజు నుంచి నేను ఆయన్ని నమ్ముతున్నాను. మీరు వెళ్లాలనుకుంటే కాలేజీ పనిరోజున, మధ్యాహ్న భోజనాల వేళకు ముందే వెళ్లండి. తాళం మునెమ్మ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు.