రెండు పక్కలా కోసిన మోచేయి

నిన్న మీ జుబైల్ తాత ఫోన్లో ఒక బొమ్మ పంపించాడు. పక్కపక్కనే మడిచిన చెయ్యి, వంకర తిరిగిన ఇనుప పైపు, కింద ఒకే ఇంగ్లీషు మాట: ఎల్బో. వాళ్ల చైనా ఫోర్‌మన్, కొత్తగా దిగిన చైనా కుర్రాళ్లకు ఇంగ్లీషు నేర్పడానికి గీశాడట. మీకు పంపిస్తే, "పైపు పక్కన చెయ్యెందుకవ్వా?" అని అడిగారు కదా. అది చెప్పాలంటే మీ అమ్మకు ఇంకా పెళ్లికాని రోజుల్లోకి పోవాలి.

అప్పటికి నేను సౌదీలో, ఈ జుబైల్ ఊళ్లో, ఈ ఇంట్లో పనికి చేరి కొంతకాలమైంది. నాకొచ్చిన ఇంగ్లీషంతా మేడమ్ చిన్నకూతురి చలవే. ఆ పిల్ల స్నానం చేయించుకుంటూ ఒళ్లంతా తడిమి పాఠం చెప్పేది. నోస్, నీ, షోల్డర్, ఎల్బో. సబ్బు నురగలో నేర్చుకున్న చదువు గనక నాకు ఒంటి మీద ఉన్న మాటలే తెలుసు. ఒళ్లు దాటితే ఇంగ్లీషు లేదు. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్లయి, తన కారు తానే నడుపుతోంది. నా ఇంగ్లీషు మాత్రం ఆ స్నానాల గదిలోనే ఉండిపోయింది.

మా తమ్ముడు, అంటే మీ జుబైల్ తాత, ఇదే ఊళ్లో ఫ్యాక్టరీలో పైపు ఫిట్టరు. మా అమ్మ వాణ్ని నా చేతిలో పెట్టి, "వాని రెక్కలే మన కూడు, జాగర్త" అని పంపించింది. ఆ వారం వాళ్ల ఫ్యాక్టరీ ఆపేసి మరమ్మతులు చేస్తున్నారు. షట్‌డౌన్ అంటారు, శుక్రవారం కూడా సెలవుండదు. లోపలికి ఫోన్లు పోనివ్వరు గనక అందరూ ఫోర్‌మన్ గదిలో పెట్టిపోతారు. వాడు తిన్నాడో లేదో అని మధ్యాహ్నం ఫోన్ చేశాను. ఎత్తింది ఫోర్‌మన్.

"ఫ్రెండ్ బిజీ. ఎల్బో క్రాక్. బిగ్ క్రాక్."

నాకు తెలిసిన మాటే కదా. తమ్ముడి మోచెయ్యి పగిలిందనుకున్నాను. "ఎల్బో? రైటా, లెఫ్టా?" అన్నాను.

"బోత్ సైడ్ కటింగ్. టుమారో న్యూ ఎల్బో."

"పెయిన్? పెయిన్?" అంటే, తాపీగా "పెయిన్ టుమారో" అన్నాడు. మత్తు దిగాక రేపు మొదలవుతుంది కాబోలు నొప్పి, అనుకున్నాను.

మేడమ్ నా ముఖం చూసింది. "రూహీ, రూహీ", అంటే పో పో, అని చేత్తో వాకిలి చూపించి, డ్రైవర్‌ను పిలిచింది. అతను హైదరాబాద్ సాయిబు. దారి పొడుగునా నాకు ధైర్యం చెప్పాడు. "ఏడ్వకు అక్కా. జెద్దాల మా మామకు మోకాలు కొత్తది ఏసిండ్రు. ఇప్పుడు మాకంటే జల్ది ఉరుకుతుండు. మోచెయ్యి ఎంత, చిన్నది!" నాకు నవ్వు రాలేదు. కొత్త మోచేత్తో పైపులు బిగించగలడా, అమ్మ అడిగితే ఏమని చెప్పాలి, అదే ఆలోచన.

ఏ ఆసుపత్రో తెలియక వాళ్లుండే క్యాంపుకే పోయాం. గేటు లోపలికి ఆడవాళ్లను రానివ్వరు. గోడ నీడ గోడ కిందికే జరిగిపోయింది. ఉన్న కాస్త నీడలో ఒక కాలి మీంచి రెండో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాను. సాయంత్రం నమాజు పిలుపు అయ్యాక బస్సులు వచ్చాయి. ఒకే రంగు బట్టల్లో మనుషులు దిగుతున్నారు. నేను ముఖాలు చూడలేదు, చేతులు చూశాను. అలా ఎన్నో చేతులు పోయాక, టిఫిన్ క్యారియర్ పట్టుకున్న చెయ్యి ఒకటి నా ముందు ఆగింది.

"ఏమక్కా, నువ్వేంది ఈడ?"

రెండు మోచేతులూ పట్టుకుని పిసికాను.

"వదులక్కా, అందరూ చూస్తాండారు!"

"నీ మోచెయ్యి కోసేసినారంట కదరా!"

"ఎవురు చెప్పింది?"

"మీ చైనా ఆయప్ప. రెండు పక్కలా కోసినారంట. నొప్పి రేపంట."

వాడు క్యారియర్ కింద పెట్టి మరీ నవ్వాడు. "పైపు వంకర తిరిగేకాడ ఏసే ముక్కను ఎల్బో అంటారక్కా. అది పగిలింది. రెండు పక్కలా కోసి కొత్తది ఏస్తాండాం. రేపు నొప్పి కాదు, పెయింటు!"

డ్రైవర్ సాయిబు, "అరె, నేనైతే మోకాలు దాంక పోయిన" అని తల పట్టుకున్నాడు.

అప్పుడే ఫోర్‌మన్ దిగాడు. నాకు కోపం ఇంకా దిగలేదు. నా మోచేతి మీద కొట్టుకుంటూ "దిస్ ఎల్బో!" అన్నాను.

"నో, సిస్టర్. దిస్ హ్యాండ్. ఎల్బో పైప్."

మా తమ్ముడు తల అడ్డంగా ఊపి, తన మోచెయ్యి కూడా చూపించాడు. ఆ మనిషి తన చెయ్యి మడిచాడు, చాపాడు, మళ్లీ మడిచి పక్కనుంచి చూసుకున్నాడు. పైపుల మధ్య నేర్చుకున్న ఇంగ్లీషు ఆయనది. ఆ మాట తన ఒంటి మీద కూడా ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. "సేమ్!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. మరుక్షణం ఫోన్లో నాతో ఏమన్నాడో గుర్తొచ్చినట్టుంది. "బోత్ సైడ్ కటింగ్..." అని గొణిగి, అరచేత్తో నోరు మూసుకుని, నాకు వంగి దండం పెట్టాడు.

ఇప్పుడు ఆ కొత్త కుర్రాళ్లు రెండు అర్థాలూ ఒక్క చూపులో నేర్చేసుకుంటారు, మంచిదే. ఆ బొమ్మలో చెయ్యికీ పైపుకీ మధ్య ఆయన వేలెడంత జాగా వదిలాడు, చూశారా? అది దాటడానికే నాకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది.