మైలుతుత్తంలో నీళ్లెన్ని?

మాస్టారు పోయారన్న కబురు నాకు పవర్ హౌస్ బస్టాపులో, సమోసా సగం నోట్లో ఉండగా అందింది. ఫోన్లో అమ్మ.

"ఒరే, మాస్టారు పోయార్రా."

"ఏ మాస్టారమ్మా?"

"నీకెంతమంది ఉన్నార్రా? నిన్ను బరించినోరు ఆయనొక్కరే కదా."

నిజమే. పాఠకులకు మనవి: అంతకుముందు రెండు ట్యూషన్లవాళ్లు నన్ను సగౌరవంగా సాగనంపారు. పన్నెండో తరగతి మొదటి యూనిట్ టెస్టులోనే కెమిస్ట్రీలో మునిగాను. వార్షిక పరీక్షలోనూ మునిగితే ఏడాది గల్లంతు. అప్పుడు అమ్మ నన్ను రుఆబాంధా కాలనీలో మాస్టారి ఇంటికి తీసుకెళ్లింది. ఆయనది శ్రీకాకుళం వైపు. ఈ హిందీ ఊరి ఉక్కు ప్లాంటు ల్యాబులో ఏళ్ల తరబడి ముడి ఖనిజంలో తేమ కొలిచి రిటైరయ్యారు. కొలవడం మాత్రం మానలేదు.

"ఉంచుకుంటానమ్మా. ఒకటే మాట. సెయ్యకుండా లెక్క రాసినోడు మర్నాడు నా గుమ్మం ఎక్కకూడదు."

ఆయన దగ్గర ఫార్ములా అప్పజెబితే చెల్లదు. కాల్చి, తూచి, అందులో ఏది ఎంతుందో తేల్చాలి. వరండాలో స్టవ్వు, పింగాణీ గిన్నె, పట్టకారు, బుల్లి ఎలక్ట్రానిక్ త్రాసు. కాల్చిన గిన్నెకు గాలిలో తేమ పట్టకుండా ఒక స్టీలు డబ్బాలో పెట్టి చల్లార్చేవారు. ఆ డబ్బా నిండా కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలే. కొత్త చెప్పులతో ఎవరు ఎదురైనా "పొట్లం పారేసావేటి?" అని అడిగేవారు. ఒకసారి పెళ్లిపీటల మీదికి వెళ్తున్న పెళ్లికొడుకునూ అడిగారు. నేను సాక్షిని.

ఆ వానాకాలంలో ఒక ఆదివారం నా వంతుకు మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, వచ్చింది. ఆ నీలం పలుకుల్లో ఒక్కో అణువుకు ఎన్ని నీటి అణువులున్నాయో తేల్చాలి. కాల్చు, చల్లార్చు, తూచు. వరుసగా రెండుసార్లు ఒకే బరువు వచ్చేదాకా ఇదే పని. మాస్టారు పాల పాకెట్టుకు బయల్దేరారు. జవాబు ఐదని పుస్తకంలో ఉంది. ఒక్కసారి కాల్చి, ఐదు నుంచి వెనక్కి లెక్క కట్టి, కాల్చాక రావాల్సిన మూడు తూకాలూ ముత్యాల్లా రాసిపెట్టాను.

మాస్టారు వచ్చి నోటుబుక్కు చూశారు. తర్వాత గిన్నె చూశారు.

"నీళ్లు పోతే తెల్లబడాల. ఇదింకా నీలంగా ఉందేట్రా?"

"లైటింగ్ సార్. మబ్బు కదా."

"నీ కాయితం ఎండిపోయింది. గిన్నె ఎండలేదు. సచ్ బోల్, నిజం సెప్పు."

గుమ్మం బయట నా చెప్పులు కనిపించాయి. ఇంట్లో అమ్మకేం చెప్పాలో తోచలేదు.

"ఒక్కసారే కాల్చాను సార్. మిగతాదంతా పుస్తకంలో చూసి రాసేశాను."

ఆయన పాల పాకెట్టు పక్కన పెట్టి, గిన్నె నా ముందుకు జరిపారు.

"నీళ్లెన్నున్నాయో గిన్నె సెప్పాల్రా గుంటడా. నువ్వు కాదు, నేనూ కాదు. స్టవ్వు ముట్టించు."

ఇద్దరం కూర్చున్నాం. నాలుగోసారి కాల్చాం, ఐదోసారి కాల్చాం. చివరికి బరువు కదలడం మానేసింది. లెక్క కడితే నాలుగు పాయింట్ ఏడు.

"ఐదు రాలేదు సార్." నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఆఖరి నీళ్లు మొండివిరా. మన స్టవ్వుకి లొంగవు. వొచ్చిందే రాయి. ఎందుకు తగ్గిందో కింద రాయి."

ఆ ఏడు పాసయ్యాను, తర్వాత బీఎస్సీ కూడా. ఈ వ్యాసకర్త అబద్ధాలు మానేశాడని ఎవరూ పొరబడవద్దు. తూకం రాసేటప్పుడు మాత్రం నా చేత్తో అబద్ధం పడదు.

ఆ ఆదివారం మాత్రం, వచ్చిందే రాసి నోటుబుక్కు ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరంలా మెల్లగా చదివారు. పాత తూకాలను అడ్డంగా కొట్టేసి, నాలుగు పాయింట్ ఏడు పక్కన ఎర్రసిరాతో సంతకం పెట్టారు.

"రేపు బేగి రా."

నోటుబుక్కు మాత్రం వెంటనే ఇవ్వలేదు. వరండాలోకి జల్లు కొడుతోంది. ఆ పేజీ మీద తడి పడకుండా రెండో అరచెయ్యి అడ్డం పెట్టి, సిరా ఆరేదాకా అలాగే కూర్చున్నారు.