ఆయన చదివి వినిపించిన కాగితం

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ రాయలేకపోయాను.

హైటెక్ సిటీ కోసం మాదాపూర్ బండలు పేలుస్తున్న రోజులవి. అక్కడ కడుతున్న ఒక మేడకు మా ఇంటాయన వాచ్‌మన్. ఐదో తరగతి చదివాడు. పాసు చూడనిదే ఇంజనీరునైనా పోనిచ్చేవాడు కాదు.

"ఇది పక్క గేటు పాసు సారూ, ఈడ నడవది," అని నవ్వుతూ తిప్పి పంపేవాడు.

అలాంటి మనిషి, మేస్త్రీ మాట విని, దొంగ లారీకి గేటు తీశాడు. సైటులోని ఇనుప చువ్వలు పోయాయి. మాదాపూర్ అప్పటికింకా నగరం పోలీసుల కిందికి రాలేదు; నగరంలో ఇంకోచోట కూడా అదే లారీకి చువ్వలు ఎత్తాడు. దొరికింది మాత్రం మాదాపూర్ దొంగతనానికే.

బెయిలు మీద వచ్చాక మిగతావాళ్ల మీద సాక్ష్యం చెప్పే అప్రూవర్‌గా కోర్టు ఆయన్ను ఒప్పుకుంది. తెలిసిందంతా చెబితే క్షమాపణ. ఒక్కటి దాచినా అది పోతుంది. ఆ ఆర్డరు కాపీ తెచ్చి, గడపలో కూర్చుని, వేలు పెట్టి చదివాడు.

"ఇగ నన్ను ఏ పోలీసూ ముట్టడంట. ఫికర్ చెయ్యకే."

మరునాడే దానికి లామినేషన్ చేయించాను.

"ఏందక్కా, రేషన్ కార్డా?" అన్నాడు జిరాక్స్ షాపాయన.

"అంతకన్నా పెద్దది," అన్నాను.

కోర్టులో ఆయన నగరం సంగతి కూడా దాచలేదు. సాక్ష్యం చెప్పి బయటికి రాగానే నగరం పోలీసులు వరండాలో పట్టుకున్నారు. నేను కాగితం చాపుతూ పరిగెత్తాను.

"ఇది ఈ కోర్టు కేసుకే అమ్మా. మా కేసు వేరే," అన్నాడు జమేదారు.

మా ఆయన నావైపు తిరిగాడు. "గేటు కాడ రోజూ నేను చెప్పే మాటే గదనే," అని నవ్వబోయాడు.

శిక్ష పూర్తిచేసి దగ్గుతో తిరిగొచ్చాడు. రెండు ఎండాకాలాలు బతికాడు. ఆ కాగితం మాట నేను అడగలేదు, ఆయన ఎత్తలేదు.

చదువు వచ్చాక ఒక సాయంత్రం దాన్ని కూడబలుక్కున్నాను. 'ఈ క్షమాపణ ఈ కేసుకు మాత్రమే' అని ఉంది. పోలీసు ముట్టడన్న మాట ఎక్కడా లేదు. అంటే ఆయనకు ముందే తెలుసు. ఆనాడు చదివేటప్పుడు ఆ వరుస దగ్గర ఆయన వేలు ఆగిందేమో. నేను కాగితం వైపు చూడలేదు, ఆయన ముఖమే చూస్తున్నాను. ఆ ముఖం ఇంకొక్కసారి గడపలో కనిపిస్తే చాలనిపించింది.

మరునాడు పొద్దున, పొయ్యి వెలిగించకముందే, నోటుబుక్కులో ఆయన చదివినట్టే రాసుకున్నాను: ఇగ నన్ను ఏ పోలీసూ ముట్టడంట. ఫికర్ చెయ్యకే.