పీత గుర్తు

నా బతుకులో నేను ఎవరి మీదైనా కుళ్ళుకున్నానంటే అది కట్టుకున్న పెళ్ళాం మీద. ఇంకొకడి మీద కూడా కుళ్ళుకున్నాను. వాడి ముఖం నేనెప్పుడూ చూడలేదు, పేరు తెలియదు, ఉన్నాడో పోయాడో కూడా తెలియదు. రష్యా దేశంలో ఎక్కడో వెండి పని చేసేవాడు. మా ఇంట్లో వాడిని పీతోడు అనేవాళ్ళం.

పంతొమ్మిది వందల ఇరవైలలో రంగూన్‌లో జరిగిన సంగతి ఇది. చౌక్తడాలో కోర్టు వెనక వీధిలో సూరత్ నుంచి వచ్చిన ఒక షేటు పాత వెండి దుకాణం నడిపేవాడు. వెనక గదిలో నాది మరమ్మతు పని. గిన్నెలకి విరిగిన చెవులు అతకడం, సొట్టలు తీయడం. కంసాలి ఇంట్లో పుట్టి, విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చినవాణ్ణి. ఆ గదిలో పన్నెండేళ్ళు పొగ మింగాను. నా కళ్ళు మాత్రం ఎప్పుడూ ముందు గదిలో వాకిలి పక్కనున్న బల్ల మీదే ఉండేవి. దాని మీద భూతద్దం, గీటురాయి, పక్కన వీపు ఆన్చుకునే కుర్చీ. ఏది అసలు, ఏది నకిలీ అని చెప్పేవాడు అక్కడ కూర్చునేవాడు. అక్కడ కూర్చునే ముసలాయన చూపు మందగించి ఇంటికి పోయాడు. కుర్చీ ఖాళీ అయింది. అది నాకే రావాలి. ఎందుకు రాకూడదు?

అప్పుడే రష్యా వెండి రావడం మొదలైంది. అక్కడ రాజు పోయి దేశమంతా తలకిందులైందట. షాంఘై మీదుగా ఓడల్లో తెల్లవాళ్ళు వచ్చి దిగేవారు. దొరల్లాంటి మనుషులే, కానీ మోచేతుల దగ్గర కోట్లకి అతుకులు. ఒక్కొక్కరూ చెంచానో గిన్నెనో గుడ్డలో చుట్టి తెచ్చేవారు. వాటి అడుగున చీమ తలంత గుర్తులు కొట్టి ఉండేవి. ఒకటి, తలకి ఎత్తయిన పట్టీ కట్టుకున్న ఆడమనిషి ముఖం. దాని పక్కన ఎనభై నాలుగు అంకె, అంటే తొంభై ఆరు పాళ్ళలో అన్ని పాళ్ళు వెండి అని. ఇంకోటి, చిన్న పెట్టెలో చేసినవాడి అక్షరాలు. ఆ చేసినవాడు పేరున్నవాడైతే షేటు దగ్గరికి బారిష్టర్లూ బియ్యం మిల్లుల దొరలూ ఎగబడేవారు. గుర్తు లేకపోతే అది ఉట్టి లోహం, తూకానికి పోవలసిందే. ఇదంతా వాళ్ళ చేత చూపించుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పించుకుని షేటు తెలుసుకున్నాడు. కానీ గుర్తుల్లో నకిలీలు బోలెడు. వాటిని పట్టే కన్ను మాత్రం షేటుకి లేదు.

మెరుగు పెట్టాల్సిన వెండిని మూట కట్టుకుని చిమిండైంగ్‌లో మా ఇంటికి తెచ్చేవాణ్ణి. మా ఆవిడ చింతపండు, ఊక బూడిద వేసి తోమేది. మా మేనమామ కూతురే. చదువు లేదు. ఒకరోజు చెంచా తోముతూ తోముతూ ఆగి, బొటనవేలితో దాని వెనకా ముందూ తడిమింది.

"బావా, ఇది దొంగ గుర్తు."

"నీ మొహం. గుర్తు కనబడ్డం లేదేటే?"

"కనబడతంది. అది కొట్టిన గుర్తు కాదు, పోతలో దిగింది. ఉలితో కొడితే అవతల పక్క ఉబ్బాల గదా. సూడు, ఎంత నున్నగుందో."

చూశాను. నిజమే. కంసాలి కొడుకుని, నాకు తట్టలేదు. అసలు చెంచాని అచ్చుగా పెట్టి మట్టిలో పోత పోస్తే గుర్తు కూడా దిగిపోతుంది, అంచులు మొద్దుబారి. ఆ ముక్క మర్నాడు షేటు దగ్గర నేనే కనిపెట్టినట్టు చెప్పాను. షేటు నా వీపు తట్టాడు. నెల తిరక్కుండా నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మా ఆవిడతో ఆ సంగతి మిఠాయి పొట్లం ఇచ్చి చెప్పానే గానీ, ఎవరి మాటతో వచ్చిందో చెప్పలేదు.

అప్పటి నుంచి నా కన్ను ఆవిడ దగ్గర ఉంది. సాయంత్రం మూట విప్పి ముందు పెట్టేవాణ్ణి, ఆవిడ తోముతూ చెప్పేది, నేను పొద్దున్నే పోయి వల్లించేవాణ్ణి. అక్షరాలు రాకపోవడంతో ఆవిడకి అవి బొమ్మల్లా కనిపించేవి. చేసినవాళ్ళకి మా వీధిలో మనుషులకి పెట్టినట్టే పేర్లు పెట్టింది. గుర్తు గుమ్మంలా ఉన్నవాడు గుమ్మమోడు. మూడు పళ్ళున్నవాడు దువ్వెనోడు. ఆరు కాళ్ళు చాచినట్టున్నవాడు పీతోడు. ఆ పేర్లు నా నోటి వెంట షేటుకీ అంటుకున్నాయి. మా దగ్గరే తెలుగు నేర్చుకున్న మనిషి, "ఏటయ్యా, ఇది పీతోడి పనేనా?" అని అడిగేవాడు.

అంతవరకూ ఓర్చుకున్నాను. పీతోడి దగ్గరే నాకు నిప్పంటుకుంది. వాడి వస్తువు వస్తే చాలు, మా ఆవిడ మొహం విప్పారేది.

"అతుకు ఎక్కడేసినాడో పట్టుకో సూద్దాం బావా. అబ్బ, ఏం సెయ్యి! దేవుడు అరిసేతిలో కూకుండి సేయించినాడు."

పన్నెండేళ్ళు కాపురం చేశాను. నేను అతికిన చెవులూ గిన్నెలూ ఆవిడే తోమింది. ఒక్కనాడు, ఒక్కటంటే ఒక్కనాడు, నా చేతిని అలా అన్న పాపాన పోలేదు. ఎవడో మంచులో కూర్చుని వేసిన అతుకు మీద మాత్రం వేలు పెట్టి మురిసిపోయేది. "వాణ్ణే కట్టుకోవలసింది" అన్నాను ఓసారి. నవ్వేసింది. ఆ నవ్వు ఇంకా మండించింది.

ఇంకోనాడు నాకు అన్నం క్యారేజీ తెచ్చింది. షేటు రెండు మూత గిన్నెలు పట్టుకుని తేల్చుకోలేక నన్ను పిలిచాడు. నేను భూతద్దం తీసేలోపే మా ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని ఒకదాని లోపల బొటనవేలు పెట్టింది.

"ఇది దువ్వెనోడిది. మూత మాత్రం వాడిది కాదు, ఎవుడో అతికించినాడు."

షేటు ఆవిడ వైపు చూశాడు. నా వైపు చూశాడు. పిచ్చివాడు కాదుగా, అర్థమైపోయింది. "ఓరి నీ! కుర్చీలో కూచున్నది నువ్వు, చూసేది ఈ అమ్మా?" అని పడీపడీ నవ్వాడు. బర్మా గుమాస్తా కూడా నవ్వాడు. ఆ మర్నాటి నుంచి ఖరీదైన వస్తువేదైనా వస్తే, "అమ్మ ఏటంటాదో కనుక్కుని రా" అని నన్నే మోసుకుపొమ్మనేవాడు. వచ్చే నెల నుంచి ఆవిడనే దుకాణంలో కూర్చోబెడతానని, నన్ను తిరిగి వెనక గదికి పంపుతాననీ ఒకనాడు సరదాగా అన్నాడు. నాకది సరదాగా వినబడలేదు.

ఆ వారమే ఒక రష్యా ముసలావిడ వచ్చింది. అంతకు ముందు చెంచాలు అమ్మి పోయినావిడే. ఈసారి టీ గ్లాసు నిలబెట్టే వెండి తొడుగు తెచ్చింది, ఒక పక్క చెవి, చుట్టూ తీగ పని. వాళ్ళాయన రోజూ దాన్లోనే తాగేవాడని సైగలు చేసి చెప్పింది. కూతురు దగ్గరికి ఓడెక్కాలి, ఇక ఇదే మిగిలింది. రెండు రోజుల్లో ధర చెబుతానని షేటు దాన్ని అడుగు తిప్పి చూడకుండానే నాకిచ్చాడు.

ఇంటికి తెచ్చాను. మా ఆవిడ తోమి, అడుగు తిప్పి, చంటిబిడ్డని చూసినట్టు చూసింది.

"పీతోడే బావా. వాడు సేసిన వాటిల్లో దీన్ని మించింది నేదు. షేటుకి సెప్పు, ఆ ముసలామెకి అన్నాయం సేయొద్దని."

"ఇది పైపూత. లోపల ఇత్తడి" అన్నాను. ఎందుకన్నానో అప్పుడే తెలుసు నాకు.

"పందెం" అంది.

మా పనివాళ్ళకి ఒక పద్ధతుంది. వెండిని పరీక్ష చేయాలంటే కంటికి కనిపించే చోట ముట్టుకోం. అడుగున, ఎవరూ చూడనిచోట, ఆకురాయితో రెండు గీతలు గీకి, పైపూత ఉంటే వదిలించి, ఆ చోటుని గీటురాయి మీద రాస్తాం. మన దేశపు వెండికి అడుగున ఏముంటుంది, ఏమీ ఉండదు. కానీ రష్యా వాళ్ళు గుర్తు కొట్టేది అక్కడే. పొద్దున్నే దుకాణం తెరిచిన వేళ, షేటు రాకముందు, ఆకురాయి తీశాను. అలవాటు కొద్దీ అడుగున పరీక్ష చేశానంతేనని తర్వాత అందరికీ చెప్పాను. అబద్ధం. పరీక్షకి రెండు గీతలు చాలు. పీత ఆరు కాళ్ళూ పోయేదాకా గీశాను. ఆడమనిషి ముఖం పోయింది, అంకె పోయింది. గీస్తున్నంత సేపూ నాకు హాయిగా ఉంది.

అమ్మ పీతోడిదంది గానీ గుర్తే లేదని నేను చెబితే, షేటు మా ఆవిడకి కబురు పంపాడు. ముసలావిడ కూడా వచ్చి కూర్చుని ఉంది. "గుర్తు ఎక్కడమ్మా? ఈయన పరీక్ష చేసేముందే అక్కడేమీ లేదంటున్నాడు" అన్నాడు షేటు.

మా ఆవిడ తొడుగు అందుకుంది. అడుగు చూసింది. తర్వాత లోపల బొటనవేలు పెట్టింది. అక్కడ ఆ వేలు ఆగిపోయింది. నాకు తెలుసు, లోపలి ఉబ్బు దొరికింది. పైన ఎంత గీకినా కొట్టిన దెబ్బ అవతలి వైపు ఉంటుంది. ఒక్క మాట అంటే చాలు, షేటు నన్ను మెడపట్టి గెంటేవాడు, రంగూన్‌లో ఏ దుకాణమూ నన్ను మళ్ళీ గడప ఎక్కనిచ్చేది కాదు.

ఆవిడ ముసలావిడ వైపు చూసింది. నా వైపు చూసింది. ముసలావిడ వైపు చాలాసేపు చూసింది.

"నానే పొరపడినాను షేటూ" అంది.

ముసలావిడ గీకిన చోట ఒకసారి వేలు పెట్టుకుని, ఓడ డబ్బులు కావాలి గనక తూకానికి ఇచ్చేసి వెళ్ళిపోయింది. షేటుకి మా ఆవిడ కన్ను మీద నమ్మకం పోయింది. నా కుర్చీ నాకు మిగిలింది. గుర్తు లేని వెండి కదా, కరగబెట్టి ముద్ద చేసుకు రమ్మని తొడుగుని నాకే ఇచ్చాడు.

ఇంటికొచ్చాక నేను కుంపటి రాజేసి మూస పెడుతుంటే, ఆవిడ తొడుగు నా చేతిలోంచి తీసుకుని, చింతపండు నానేసి, బూడిద వేసి తోమడానికి కూర్చుంది.

"కరిగిపోయేదాన్ని తోముతావేటే?"

"మంచి సెయ్యి. ఉత్తినే పంపకూడదు."

పీనుగకి నీళ్ళు పోసినట్టు పోసింది. తీగ తీగకీ పీచు తిప్పింది. పొడి గుడ్డతో తుడిచి, కొంగులో పెట్టి నా చేతికిచ్చింది. నేను మూసలో వేశాను. ఆవిడ అక్కడే నిలబడి చూసింది, నావైపు కాదు.

అప్పటిదాకా ఆవిడ దగ్గర పట్టిన ముక్కలతోనే ఆ కుర్చీలో ఇంకా ఆరేళ్ళు నెట్టుకొచ్చాను. సాయంత్రాలు మూట ఆవిడ ముందు పెట్టేవాణ్ణి, తోమేది, అడుగు తిప్పేది, బొటనవేలు పెట్టేది. నేను ఆ వేలు వంకే చూస్తూ ఉండేవాణ్ణి, ఎక్కడైనా ఆగుతుందేమోనని. కొన్నిసార్లు ఆగేది.

"ఏటే, ఎవుడిది?" అని అడిగేవాణ్ణి.

"నాకేటి తెలుసు బావా" అనేది. "తోమీసినాను, పట్టుకెల్లు."