వంశావళిలో రెండుసార్లు రాసిన పేరు

తమిళనాడులోని గుడియాత్తం నేతగాడు జయరాములుకు యాభై ఏళ్లు వచ్చేదాకా తెలుగు చదవడం రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో నేర్చింది తమిళం. 1993లో మరమగ్గాల లుంగీలు సంతలను ముంచెత్తాక అతని చేతిమగ్గానికి వారంలో నాలుగు రోజులు పని లేకుండా పోయింది. ఆ ఖాళీలో బస్టాండుకు వెళ్లి కూర్చునేవాడు. చిత్తూరు బస్సుల మీద ఊళ్ల పేర్లు రెండు లిపుల్లోనూ ఉండేవి. వాటిని పోల్చుకుంటూ ఏడాదిలో కూడబలుక్కుని చదవడం పట్టాడు.

నేతవాళ్ల ఇళ్లలో పాత వంశావళి పుస్తకాలు ఉండేవి. ఎవరికి ఎవరు పుట్టారు, ఏ జబ్బుతో పోయారు, పిల్లను ఏ ఊరికి ఇచ్చారు, అన్నీ తెలుగులో. చదివే తరం పోయాక ఆయుధపూజనాడు వాటికి బొట్టు పెట్టడమే మిగిలింది. జయరాములు చదువుతాడని తెలిసి ఒక్కొక్కరే పట్టుకొచ్చారు. అతను చదివి తమిళంలో ఎత్తి రాసిచ్చేవాడు. లత్తేరి అనే ఊరి సంబంధం ఒకటి వరస కుదరదని ఆ రాతల్లోనే తేలి, ఆగిపోయింది కూడా.

తన ఇంటి పుస్తకం చివరికి తీశాడు. పదేళ్ల కిందట పోయిన తండ్రి కుప్పుస్వామి చేతిరాత అది. తల్లి రాజాంబాళ్ పక్కనే కండెలు చుడుతోంది.

"ఆ పుస్తకం ఇప్పుడెందుకు నాయనా, పెట్టెయ్" అందామె.

అతను అప్పటికే పైకి చదువుతున్నాడు. "స్వభాను సంవత్సరం ఆడి నెలలో మా బిడ్డ జయరాములు వాంతిభేదికి పోయినాడు..."

తన పేరే, తను పుట్టిన ఏడే. పొరబాటేమోనని మళ్లీ కూడబలుక్కున్నాడు. కింద ఇంకో వాక్యం ఉంది. "కే.వి.కుప్పం తాపీపనివాడు గోవిందన్ భార్య కాళియమ్మ కాన్పులో పోగా, ఆ పసిబిడ్డను తెచ్చుకున్నాము. వానికీ జయరాములనే పేరు."

రాట్నం ఆగింది.

"అమ్మా, నేను ఎవురి బిడ్డను?"

"నా బిడ్డ పోయినా నా రొమ్ముల్లో పాలు ఆగలా నాయనా" అంది రాజాంబాళ్. "ఆడ పాలు లేక నువ్వు ఏడస్తాంటివి."

రెండు రోజులు అతను ఏమీ తినలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. మూడోనాడు కే.వి.కుప్పం వెళ్లి ఆ ఇల్లు వెతికాడు. గోవిందన్ ఎప్పుడో పోయాడు. పెద్దకొడుకు మారియప్పన్, అతనూ తాపీమేస్త్రీయే, గుమ్మంలో ఇతని మొహం చూసి చేతిలోని తాపీ జారవిడిచాడు. పోయిన తండ్రే లేచి వచ్చినట్టుందట.

మర్నాడు ఆదివారం మారియప్పన్ గుడియాత్తం వచ్చాడు. రాజాంబాళ్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "తమ్మున్ని తీస్కపోను వచ్చినావా నాయనా?"

"లేదమ్మా. మా నాయన ఏటేటా ఈ వీధికి వచ్చి దూరం నుంచే సూసిపోతాండె. ఈ మగ్గం గుంత ఎనకాల గోడ కూడా ఆయనే కట్టినాడు."

జయరాములు గోడ వైపు చూశాడు. ముప్పై ఏళ్లుగా అలసిన వీపు ఆనించుకున్న గోడ. వెళ్లి దాని మీద అరచెయ్యి ఆనించాడు.

రాజాంబాళ్ మారియప్పన్‌ను అడిగింది. "కాళియమ్మను నేను సూడలా. ఎట్లుండేది?"

"నాకప్పుడు మూడేండ్లు. గ్యాపకం లేదమ్మా."

ఆమె ఇద్దరికీ విస్తర్లు వేసింది. జయరాములు మూడు రోజుల తరవాత ఆ పూట అన్నం తిన్నాడు.