అత్త ఇచ్చిన గోత్రం

మా అత్త నాగరత్నమ్మ మొండిది. నేను కాపురానికొచ్చిన ఇరవై ఏళ్లలో ఆమె మీద గెలిచిన పోట్లాట ఒక్కటీ లేదు. నల్లమాడలో మాకు చిల్లర అంగడి. పెళ్లయిన పదేళ్లకు గానీ ఆమెకు కొడుకు, అంటే మా ఆయన సుదర్శన్, పుట్టలేదు. కొడుకు కోసం మొక్కుకున్న మొక్కు తీర్చను ఏటా నరసింహస్వామి కొండకు పోతుంది. కొండ మీద గుడి, గుడి గోడకు ఆనుకొని ఒక ఫకీరు సమాధి. ముందు సమాధి దగ్గర, దాన్ని చూసుకునే ముజావరు హబీబుల్లాతో చక్కెర మీద ఫాతెహా చదివించాలి, ఆ తర్వాతే స్వామికి టెంకాయ. ఒకటి చేసి ఒకటి మానితే మొక్కు తీరినట్టు కాదని అక్కడి పద్ధతి.

ఈమధ్య ఆ స్థలం గుడిదా, దర్గాదా అని తగాదా మొదలై కోర్టుకెక్కింది. సమాధి చుట్టూ ఇనుప కంచె వేశారు.

"ఈ ఏడు వద్దులే అత్తా, మోకాళ్లు చూసుకో" అన్నాను.

"మోకాళ్లు నీవా, నావా?" అంది. చేసేదేముంది, వెంట పోయాను.

హబీబుల్లా కొండ కింద టీ అంగడి బెంచీ మీద కూర్చొని ఉన్నాడు.

"ఏమప్పా, ఈడ కూచుండావు? చక్కెర చదవవా?" అనింది అత్త.

"యాడ చదివేదక్కా? ఆడికి పోనీరు."

"దేవుడు ఈడికి రాడా? కానీ."

చక్కెర మూట బెంచీ మీదే విప్పింది. ఆయన టోపీ సర్దుకొని చదివి, చిటికెడు చక్కెర ఆమె చేతిలో వేశాడు. ఆ తర్వాత తన సంచిలోంచి ఒక టెంకాయ తీశాడు.

"నా మనవరాలు షబీనాకు రెండు కాన్పులు పోయినాయక్కా. మళ్లా నెలలు నిండినాయి. మూడు దినాలుగా ఇది పట్టుకొని ఈడనే కూచుంటాండా. పైకి పోతే ఎవురేమంటారో అని భయం. నువ్వు కొట్టిస్తావా?"

ఏళ్ల తరబడి ఆ మెట్లు ఊడ్చిన మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

అత్త ఆ టెంకాయ కొంగులో కట్టుకుంది. నూట ఎనభై మెట్లు. సగం దూరం నుంచి మెట్ల మీద కూర్చొని, చేతులు ఆనించి, ఒక్కో మెట్టూ జరుగుతూ ఎక్కింది. నేను తెస్తానంటే ఇవ్వలేదు.

పూజారి కొత్తగా వచ్చినవాడు. మా టెంకాయ కొట్టి రెండోది అందుకున్నాడు.

"పేరు?"

"షబీనా."

ఆయన చెయ్యి ఆగింది. వెనక వరుసలో మాటలు ఆగిపోయాయి.

"గోత్రం?" అన్నాడు చివరికి.

"మా గోత్రమే చెప్పు సామీ. నా కొడుకు కోసం చక్కెర చదివిన ఇంటి బిడ్డ."

దుమ్ము కొట్టుకుపోయిన అత్త చేతుల వైపు ఆయన చూశాడు. తర్వాత మా గోత్రం చెప్పి, షబీనా పేరు చదివి టెంకాయ కొట్టాడు.

కిందికి దిగి అత్త ఆ టెంకాయ చిప్పలు చేతిలో పెడితే, హబీబుల్లా వాటినే చూస్తూ అడిగాడు.

"గోత్రం అడిగినారా అక్కా?"

"అడిగినారు. మాది ఇచ్చినా."