విలన్ రాజులు, మా ఆడపడుచు, నేను

మా అమ్మాయి నా దగ్గర ఎన్నడూ నవ్వని నవ్వు ఒకటుందని దాని తొమ్మిదో తరగతిలో తెలిసింది నాకు.

ఆ శనివారం ఆస్పత్రిలో పొద్దుటి డ్యూటీ ముగించుకుని, మోండా మార్కెట్లో కూరలు తీసుకుని, వెనక సందులో ఉన్న మా ఆడపడుచు కొట్టుకు వెళ్లాను. పాత పుస్తకాల కొట్టు అది. మామగారు పెట్టింది. ఆయన పోయాక తనే నడుపుతోంది. మా ఆయనకు చెల్లెలు. పెళ్లి చేసుకోనని పాతికేళ్లప్పుడే చెప్పేసింది, ఆ మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బోయిగూడలో మా ఇంట్లోనే కింది వాటాలో ఉంటుంది. నాదేమో ఆస్పత్రి ఉద్యోగం, మా ఆయనది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో షిఫ్టులు. అందుకని పిల్ల బడి వదలగానే అత్త కొట్టుకే వెళ్లి కూర్చునేది. ఆ ఏర్పాటు నాకు ఎంతో వీలుగా ఉండేది, ఆ నవ్వు వినేదాకా.

కొట్టు బయటే ఆగిపోయాను. లోపల ఇద్దరూ ఏవో బొమ్మల పుస్తకాలు ముందేసుకుని వాదించుకుంటున్నారు.

"జనరల్‌ది ఏం లీడర్‌షిప్ అత్తా? నెలకొక మంత్రిని మొసళ్లకేస్తడు. గాయనకు నిజం చెప్పేటోడు ఎవడుంటడు?"

"అందుకే గద ఓడిపోయిండు. దుశ్మన్లు కోట దాకా వచ్చినా ఒక్కడు చెప్పలే, భయానికి."

"గడియారాల దొరే నయం."

"ఏం నయం? జనం ముసలోళ్లయితుంటే గడియారాలు వెనక్కి తిప్పి, మీకింక వయసు కాలే, పని చేయుండ్రి అంటడు."

అప్పుడు నవ్వింది మా పిల్ల. తల వెనక్కి వాల్చి, పుస్తకాల కట్ట మీద చేత్తో కొడుతూ. నేను లోపలికి అడుగుపెట్టగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"ఏంటే, ఏమైంది?" అన్నాను.

"ఏం లేదమ్మా, ఊకెనే."

ఆ 'ఊకెనే' కూడా గుచ్చుకుంది. నేను గుంటూరు వైపు నుంచి కాపురానికి వచ్చినదాన్ని. మా ఇంట్లో ఊరికే అంటాం. నా కడుపున పుట్టిన పిల్ల మాట కూడా దాని అత్తదే అయిపోయిందన్నమాట.

సంగతేమిటో దారిలో అడిగి తెలుసుకున్నాను. బడిలో ఉపన్యాస పోటీ పెట్టారట. విషయం నాయకత్వం. అందరూ పెద్దపెద్ద వాళ్ల గురించి మాట్లాడుతుంటే, ఇది మాత్రం కామిక్ పుస్తకాల్లో దేశాల్ని ఏలే విలన్లను పోల్చి చెబుతుందట. ఎవరి పాలన ఎలాంటిది, ఎవరెందుకు కూలిపోయారు అని. అత్త కొట్టులో ఏదో పాత సీరియల్ పుస్తకాలు దొరికాయట. వాటిలో హీరో ఎవరని అడిగితే, "ఎవరో ఉంటడమ్మా, ఆయన సంగతి మాకొద్దు" అంది.

నేను ఆస్పత్రిలో నర్సింగ్ ఇన్‌ఛార్జిని. నా కింద నలభై మంది నర్సులు. నాయకత్వం మీద రెండ్రోజుల శిక్షణకు కూడా వెళ్లొచ్చాను. ఆ సర్టిఫికెట్ మా హాల్లోనే, టీవీ పక్కన గోడకు ఉంది. దాని కిందే కూర్చుని అన్నం తింటుంది పిల్ల. నాయకత్వం గురించి నన్ను ఒక్క ముక్క అడగాలని దానికి తోచలేదు.

ఆ వారమంతా అదే మంట. చివరికి ఒకరోజు అది స్నానానికి వెళ్లినప్పుడు స్కూలు సంచిలోంచి మూడు పుస్తకాలు తీసుకుని నా బ్యాగులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం డ్యూటీ రూములో టిఫిన్ బాక్సు ముందు పెట్టుకుని చదివాను. ఎవరో సిస్టర్ లోపలికొస్తే గబుక్కున రిజిస్టరు అడ్డం పెట్టాను. నలభై మూడేళ్ల మనిషిని, కాపీ కొడుతూ దొరికినట్టు ముఖం వేడెక్కింది.

నిజం చెప్పాలంటే ఆ కథలు బాగున్నాయి. జనరల్ రాజ్యం భయం మీద నడుస్తుంది. గడియారాల దొర ఎవరినీ గట్టిగా కసరడు కూడా, కానీ ఎవరు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో ఆయనే నిర్ణయిస్తాడు. మూడో పుస్తకంలో ఒక రాణి వస్తుంది. ఆమె దేశంలో ఆకలన్నది లేదు. ప్రతి ధాన్యపు కొట్టు తాళమూ ఆమె నడుముకే వేలాడుతుంది. తెల్లారకముందే లేచి వాడవాడా తిరిగి తన చేత్తోనే తలుపులు తీస్తుంది. నాకు ఆమె నచ్చింది. ఈమె గురించి నేనొక మాట చెబితే ఆ ఇద్దరూ నోళ్లు తెరుచుకుని వింటారనుకున్నాను.

ఆదివారం అందరం పైనే భోంచేస్తాం. పప్పు వడ్డిస్తూ, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాను. "మీ విలన్లలో ఆ రాణి మేలు కదా. ఆమె దగ్గర పస్తులుండేవాళ్లు ఎవరూ లేరు. అన్నీ తనే చూసుకుంటుంది. నాయకత్వం అంటే అదే."

మా ఆయన తినడం ఆపి నావైపు చూశాడు. పిల్ల అత్తవైపు చూసింది. నన్ను కాదు, అత్తను.

"అమ్మా, గామె కూడ విలనే. తాళాలన్ని తన కాడనే పెట్టుకుంటది. ఆమెకు జ్వరమొస్తే దేశమంత మూడు దినాలు పస్తులున్నది. ఆ పేజీ చదవలేదా?"

ఆ పేజీ నాకు తెలియదు. అది నాలుగో పుస్తకంలో ఉందట.

"వదినకు నాలుగోది దొరకలేదు గావచ్చు" అంది మా ఆడపడుచు. అంటే పుస్తకాలు నేనే తీశానని తనకు తెలుసు. వేళాకోళానికే అంది. అయినా ముగ్గురూ నవ్వారు. మజ్జిగ తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాత నేను చేసింది మంచి పని కాదు. పిల్ల రెండుసార్లు దగ్గింది. పుస్తకాల దుమ్ము పడటం లేదన్నాను. బడి నుంచి నేరుగా ఇంటికి రావడానికి ఆటో మాట్లాడేశాను. కిందికి దిగి ఆడపడుచుకు చెప్పాను, "పరీక్షలయ్యేదాకా కొట్టుకు వద్దులే, దగ్గొస్తోంది" అని.

తను చేతిలోని బియ్యం చాట కింద పెట్టింది. "మంచిది వదినా. నీ బిడ్డ, నీ ఇష్టం."

నీ బిడ్డ అన్న మాట ఆమె నోట రావాలనే కదా ఇదంతా చేసింది. తీరా వచ్చాక, వినడానికి బాగాలేదు.

మొదటి రెండు రోజులు సంతోషంగానే ఉంది, దాచడమెందుకు. పర్మిషన్ పెట్టి త్వరగా ఇంటికి వచ్చేదాన్ని. పకోడీలు వేసేదాన్ని. శిక్షణలో ఇచ్చిన ఫైలు ముందేసుకుని, మంచి నాయకుడికి ఉండాల్సిన లక్షణాలంటూ ఉపన్యాసం నేనే రాసిపెట్టాను. పిల్ల ఎదురు చెప్పలేదు. గుండ్రటి అక్షరాలతో దాన్ని తిరగరాసుకుంది. "బాగుందా?" అంటే "బాగుందమ్మా" అంది. మా ఆస్పత్రిలో కొత్తగా చేరిన సిస్టర్లు నాతో మాట్లాడినట్టే మాట్లాడింది.

సాయంత్రం కింద అత్త స్కూటీ ఆగిన చప్పుడు వినిపిస్తే చాలు, బాల్కనీలోకి పరుగెత్తేది. "అత్తా, తిన్నవా? గిరాకీ ఎట్లున్నది?" కింది నుంచి ఆమె ఏదో అనేది. ఇది నవ్వేది. గరిటె చేతిలో పట్టుకుని ఆ మాటలు పట్టుకోవాలని చూసేదాన్ని. ట్రాఫిక్ రొదలో సగం కూడా అందేవి కావు. కొట్టుకు పోకుండా ఆపగలిగాను కానీ బాల్కనీకి పోకుండా ఎలా ఆపను?

ఆ రోజుల్లోనే ఆస్పత్రిలో ఒకటి జరిగింది. మా వార్డుల్లో ఎవరు ఎప్పుడు పనిచేయాలన్న చార్టు నా అలమరలోనే ఉంటుంది. తాళం నా బ్యాగులో ఉంటుంది. ఇంకెవరైనా దాన్ని ముట్టుకుంటే గందరగోళమవుతుందని నా నమ్మకం. ఆరోజు నేను పొద్దుటి నుంచి మీటింగులో ఉన్నాను, ఫోను ఆపేసి. ఒక చిన్న సిస్టర్‌కు తల్లి ఆపరేషన్ ముందుకు జరిగిందని కబురొచ్చింది. తన బదులు పనిచేయడానికి ఇంకో అమ్మాయి సిద్ధంగానే ఉంది. కానీ నేను చార్టు మార్చకుండా పంపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నేను బయటికొచ్చేసరికి నాలుగైంది. ఆ పిల్ల వెళ్లేసరికి ఆపరేషన్ అయిపోయింది. తల్లి బాగానే ఉంది. కానీ లోపలికి తీసుకెళ్లేటప్పుడు కూతురు కోసం అడిగిందట.

నాకన్నా పెద్దావిడ, సీనియర్ సిస్టర్, మర్నాడు నా గదికొచ్చింది. "మేడం, ఒక తాళం నాకియ్యుండ్రి. మీరు మంచోళ్లే, కాదంటలేను. కానీ మీరు లేకుంటే మేమంత చేతులు కట్టుకొని నిలవడుతున్నం."

తాళం ఇచ్చాను. ఆ చిన్న సిస్టర్‌ను పిలిచి క్షమించమన్నాను. ఏడ్చింది, నేనూ ఏడ్చాను. బస్సులో కూర్చున్నాక నాలుగో పుస్తకంలోని ఆ పేజీ మనసులో మెదిలింది. నేను చూడనైనా చూడని పేజీ. సిగ్గుతోపాటు కుళ్లూ వచ్చింది. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో నాకు తెలియని సంగతి, నా పిల్ల పాత కాగితాల మధ్య కూర్చుని అత్త దగ్గర తెలుసుకుందే అని.

పోటీ రోజు మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. ఆడపడుచును రమ్మని నేను పిలవలేదు. ఒక్కదాన్నే వెళ్లి మూడో వరసలో కూర్చున్నాను. మా అమ్మాయి స్టేజీ ఎక్కి, నేను రాసిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. 

జనరల్ గురించి చెప్పింది, గడియారాల దొర గురించి చెప్పింది. పిల్లలు విరగబడి నవ్వారు. తర్వాత రాణి దగ్గరికొచ్చింది. నేను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను.

"మా అత్త, నేను ఈమెను కూడా విలన్ అనే అనుకున్నాం. మా అమ్మ మాత్రం మంచిది అన్నది. అప్పుడు నవ్విన. తర్వాత మళ్లీ చదివిన. జనం ఆకలి జనరల్‌కు తెల్వదు, దొరకు తెల్వదు. ఈమెకు ఒక్కదానికే తెలుసు. ఆమె చేసిన తప్పు ఒక్కటే, ఎవరినీ నమ్మి తాళాలు ఇయ్యలేదు. ఇచ్చి ఉంటే ఆమె విలన్ అయ్యేది కాదు. ఈ సంగతి నాకు మా అత్తతో మాట్లాడితే తెలిసింది, మా అమ్మ మాటతో మొదలయింది."

బహుమతి రాలేదు. దేశభక్తి మీద మాట్లాడిన ఇంకో అమ్మాయికి వచ్చింది. చుట్టూ ఉన్న తల్లులు నావైపు తిరిగి చప్పట్లు కొడుతున్నారు. నాకు కళ్లు నిండాయి. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. అది మా అత్త అని ఎన్నిసార్లు అంది, మా అమ్మ అని ఎన్నిసార్లు అంది అని నేను వేళ్ల మీద లెక్క చూసుకుంటూనే ఉన్నాను. ఇద్దరం సమానంగానే వచ్చాం.

ఆటోను పంపేసి, పిల్లను తీసుకుని నేరుగా కొట్టుకు నడిచాను. అది నాకంటే ముందు లోపలికి పరుగెత్తి చెప్పాల్సిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అత్త దాని తల నిమిరింది. పిల్ల వెనక అరల్లోకి వెళ్లాక నేను గొంతు తగ్గించి అన్నాను.

"దగ్గూ కాదు, దుమ్మూ కాదు. నాకు నిన్ను చూస్తే కుళ్లుగా ఉంది."

తను పుస్తకాల కట్టకు పురికొస ముడి వేస్తోంది. తలెత్తలేదు. "తెల్సు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆటో పెట్టిన దినమే. నీ బిడ్డ పాకుడు నేర్చిందే గీ దుమ్ముల వదినా. గప్పుడు రాని దగ్గు ఇప్పుడొస్తదా?"

"కోపం వచ్చిందా?"

"రాలేదంటే అబద్ధమైతది. ఇంక సుత ఉన్నది. జెర టైం పడ్తది." ముడి బిగించింది. "ఉపన్యాసానికి నన్ను పిలిస్తే ఏమైతుండె? నేను సుత వచ్చి వెనక నిలవడేదాన్ని గద."

 తప్పయిందన్నాను. ఆమె సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. స్టూలు మీది పుస్తకాలు తీసి నాకు చోటు చేసింది. నెల రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. ఆదివారం భోజనానికి రాలేదు, ఒంట్లో బాగాలేదంది. అది అబద్ధమని నాకు తెలుసు, తెలుసని ఆమెకూ తెలుసు. ఐదో ఆదివారం దోసకాయ పచ్చడి గిన్నె చేత్తో పట్టుకుని తనే మెట్లెక్కి వచ్చింది.

పిల్ల మళ్లీ కొట్టుకు పోతోంది. శనివారాలు నేనూ వెళ్లి కూర్చుంటున్నాను. వాళ్ల మాటల్లో సగం నాకు ఎక్కవు. నేనేదైనా అంటే ఒక్కోసారి వింటారు, ఒక్కోసారి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అప్పుడు మళ్లీ మండుతుంది.

పోయిన నెల పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఇంటర్లో సైన్సు వద్దు, చరిత్ర చదువుతానని అది ముందు అత్తకే చెప్పింది. నాకు రెండు రోజుల తర్వాత, అదీ అత్త నోటి నుంచే తెలిసింది. మునుపటిలాగే కుళ్లు వచ్చింది.  కూరగాయల కత్తి పక్కన పెట్టి పిల్లను పిలిచి, చరిత్రే ఎందుకో చెప్పమన్నాను. గంటసేపు చెప్పింది. నేను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.